చీటీ చింపే ఎంజైమ్: ఆర్‌ఎన్‌ఏజ్-ఇ



డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్. మొదటిది అనులేఖనం, రెండవది అనువాదం. ఇంటర్ బైపీసీలో మనమంతా బట్టీపట్టిన వరుస ఇది. మార్కులకు ఇది చాలు. మరి పని అయ్యాక ఆ ఆర్‌ఎన్‌ఏ ఏమవుతుంది? ఈ ప్రశ్న పరీక్షలో అరుదుగా వస్తుంది. కణానికి మాత్రం ఇది చావుబతుకుల ప్రశ్న.

మన హాస్టల్ వంటగదినే తీసుకుందాం. వంటమనిషికి రోజూ ఒక సరుకుల చీటీ వెళ్తుంది. నిన్నటి చీటీ చింపకపోతే ఈ రోజూ అదే వంట, రేపూ అదే వంట. రాయబారి ఆర్‌ఎన్‌ఏ అలాంటి చీటీయే. ఈ.కోలై బాక్టీరియాలో చాలా చీటీల ఆయుష్షు కొద్ది నిమిషాలే. వాటిని చింపే పనిని ఎక్కువగా మొదలుపెట్టేది ఆర్‌ఎన్‌ఏజ్-ఇ అనే ఎంజైమ్.

నిర్మాణం

ఈ.కోలైలో దీని ఒక్కో గొలుసులో 1061 అమైనో ఆమ్లాలుంటాయి. అలాంటి గొలుసులు నాలుగు కలిస్తేనే పూర్తి ఎంజైమ్. గొలుసు మొదటి సగం కత్తెర. అందులో జింక్ రెండేసి గొలుసులను జోడించి పట్టుకుంటుంది, మెగ్నీషియం కోతకు తోడ్పడుతుంది. రెండవ సగం కోయదు, తోటి పనివాళ్లను పట్టుకొని ఉంటుంది. ముడులు విప్పే హెలికేజ్, చివరి నుంచి ఒక్కొక్క అక్షరాన్నీ తొలగించే పీఎన్‌పేజ్, ఇనోలేజ్ అక్కడే అతుక్కుంటాయి. ఈ ముఠా పేరు డీగ్రాడోజోమ్.

పని

ఈ కత్తెర ఎక్కడపడితే అక్కడ కోయదు. ఆర్‌ఎన్‌ఏ ఒంటిపోగుగా ఉండి, ఎ, యు అక్షరాలు ఎక్కువగా ఉన్నచోటును ఎంచుకుంటుంది. 5' చివర ఒకే ఫాస్ఫేట్ ఉన్న ఆర్‌ఎన్‌ఏ అంటే దీనికి మరీ ఇష్టం.

చింపడం ఒక్కటే దీని పని కాదు. 9ఎస్ అనే పెద్ద ముక్కను కోసి, రైబోజోమ్‌కు కావలసిన 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ తయారీకి దారి వేసేది కూడా ఇదే. అంటే ఒకే కత్తెర పాతగుడ్డ చింపుతుంది, కొత్త చొక్కాకూ గుడ్డ కత్తిరిస్తుంది.

హైదరాబాద్‌లో దొరికిన జవాబు

మన పట్టిసీమలో చలికాలం ఉదయం కొబ్బరినూనె గడ్డకడుతుంది. చలికి ఆర్‌ఎన్‌ఏ గడ్డకట్టదు గానీ, దాని మడతలు బిగుసుకుంటాయి, విప్పడం కష్టమవుతుంది. మరి అంటార్కిటికాలో బతికే బాక్టీరియా తన చీటీలను ఎలా చింపుతుంది?

హైదరాబాద్‌లోని సీసీఎంబీలో మలయ్ కుమార్ రే బృందం దీన్నే వెతికింది. వారు తీసుకున్నది అంటార్కిటికాకు చెందిన సూడోమోనాస్ సిరింజే ఎల్‌జెడ్4డబ్ల్యూ అనే బాక్టీరియా. అందులో ఆర్‌ఎన్‌ఏజ్-ఇ పక్కన పీఎన్‌పేజ్‌కు బదులు ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ ఉందని 2005లో ప్రకటించారు. పీఎన్‌పేజ్ బిగుసుకున్న మడత దగ్గర ఆగిపోతుంది, దానికి హెలికేజ్ సాయం కావాలి. ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ మాత్రం మడతను తానే విప్పుకుంటూ ముందుకు పోతుంది. చలిదేశానికి తగిన పనివాడే!

ఈ ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ జన్యువును చెడగొట్టి చూస్తే ఆ బాక్టీరియా 4 డిగ్రీల దగ్గర పెరగలేకపోయింది. రైబోజోమ్‌లోని 16ఎస్, 5ఎస్ ఆర్‌ఎన్‌ఏల 3' చివరలను సరిచేయడానికి కూడా అదే కావాలని ఆ బృందం 2007లో తెలిపింది.

మీ కోసం ఒక ప్రశ్న

తమ్ముళ్లూ, ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ లేని ఆ బాక్టీరియానే 22 డిగ్రీల దగ్గర పెంచితే పెరిగింది. ఎందుకు? ఈ వ్యాసంలోనే ఆధారం ఉంది. స్టడీ అవర్‌లో నలుగురు కూర్చుని చర్చించండి. పాఠ్యపుస్తకం ఆపిన చోట "తర్వాత ఏమవుతుంది?" అని అడగడమే పరిశోధనకు మొదటి మెట్టు. ఆ ప్రశ్న అడగడానికి ల్యాబ్ అక్కర్లేదు, మన హాస్టల్ వరండా చాలు.