బ్లాక్‌చెయిన్‌లో మా తాత 27 సెంట్లు

ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఎక్కడైనా తప్పులుంటే సర్దుకోండి. 'హాష్' అన్న మాటకు తెలుగు వెతికాను, నాకు నచ్చింది ఏదీ దొరకలేదు. హాష్ అనే రాసేస్తున్నాను.

2024 జూలై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చి చూసి వెళ్లారు, తర్వాత కేసు సీఐడీ చేతికి వెళ్లింది. అప్పటికి నాకు ఇంటర్ అయిపోయింది, పుంగనూరులో ఇంట్లోనే ఉంటూ ఇంజనీరింగ్ సీటు కోసం చూస్తున్నాను. కుప్పం దగ్గరి పల్లె నుంచి మా తాత కూడా ఆ వారం మా ఇంటికి వచ్చి ఉన్నాడు. టీవీ చూస్తూ ఒకటే మాట అడిగాడు: "మన కాగితాలు గూడా ఇట్లనే యాడో ఒక బీరువాలో ఉంటాయి గదరా?"

ఈ సెమిస్టర్‌లో నా మినీ ప్రాజెక్టు ఆ ప్రశ్న నుంచే వచ్చింది. బ్లాక్‌చెయిన్‌లో భూమి రికార్డులు. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 2017లోనే మన రాష్ట్ర ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే కంపెనీతో కలిసి ఇలాంటి ప్రయోగం ప్రకటించింది.

సీఎస్ఈ కానివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఒక ఫైలును ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. అదే హాష్, ఫైలుకు వేలిముద్ర లాంటిది అనుకోండి. ఫైలులో ఒక్క కామా మార్చినా హాష్ పూర్తిగా మారిపోతుంది. ప్రతి బ్లాకులో దాని ముందు బ్లాకు హాష్ కూడా ఉంటుంది కాబట్టి, పాతది ఎవరైనా దొంగతనంగా దిద్దితే అక్కడి నుంచి గొలుసు మొత్తం తేడా చూపిస్తుంది.

రివ్యూలో గొప్పగా చెప్పాను, "ఇది ఉండి ఉంటే మదనపల్లెలో అంత నష్టం జరిగేది కాదు సార్" అని. సార్ తాపీగా అడిగారు, "హాష్ నుంచి కాలిపోయిన కాగితం మళ్లీ వస్తుందా?" రాదు. హాష్ నుంచి ఫైలును వెనక్కి తెచ్చుకోలేం, అసలు హాష్ గొప్పతనమే అది. స్కాన్ కాపీలు వేరే చోట దాచి ఉంటేనే లాభం. ఆ కాపీ అసలుదేనా అని తేల్చడానికి మాత్రం హాష్ పనికొస్తుంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

ఆ రాత్రి మొదటిసారి చట్టాలు చదివాను. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. మదనపల్లె మంటలకు సరిగ్గా 20 రోజుల ముందు! దాని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అందులో హాష్ విలువ రాయాలి, ఏ పద్ధతిలో తీశారో కూడా రాయాలి. మన ల్యాబ్‌లో రాసే ఎస్‌హెచ్‌ఏ-256 పేరు పార్లమెంటు చట్టం షెడ్యూల్లో కనిపిస్తే నాకు భలే సంతోషం వేసింది.

కానీ ఆ సంతోషం తాత పాసు పుస్తకం తెచ్చి చూపించేదాకే. పుస్తకంలో 2 ఎకరాల 41 సెంట్లు. ఆన్‌లైన్‌లో 2 ఎకరాల 14 సెంట్లు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో అంకెలు అటూ ఇటూ చేసినట్టున్నారు. 27 సెంట్లు మాయం. నా ప్రాజెక్టు ఏం చేస్తుంది? ఆ 2.14ను ఎవరూ కదిలించలేనంత గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. తప్పు లెక్కకు కూడా హాష్ చక్కగానే వస్తుంది మరి!

సరిదిద్దలేమా అంటే, దిద్దొచ్చు. పాత బ్లాకును అలాగే ఉంచి, 'ఇది తప్పు, సరైనది ఇది' అని కొత్త బ్లాకు కలపాలి. కోడ్ పది లైన్లు. దాన్ని కలిపే కీ ఎవరి చేతిలో ఉండాలి అన్నదే కష్టమైన ప్రశ్న, దానికి జవాబు కోడ్‌లో లేదు. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టంలో తహసీల్దారు, ఆయన పైన ఆర్డీవోకు అప్పీలు, హక్కు ఎవరిదో తేల్చడానికి సివిల్ కోర్టు అని ఒక దారి ఉంది. ఆర్డీవో స్థాయి ఆఫీసు ఫైళ్లు కాలితే జనం ఎందుకంత భయపడ్డారో ఇది చదివాకే నాకు అర్థమైంది.

ఈ దారి మార్చబోతే ఏమవుతుందో కూడా మన రాష్ట్రం చూసింది. ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి పెట్టే రిజిస్టరే హక్కుకు ఆధారం, వివాదాలకు సివిల్ కోర్టుకు పోవడానికి లేదు. లాయర్లు రోడ్డెక్కారు, ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది, ప్రభుత్వం మారాక 2024 జూలైలో అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. పార్టీల సంగతి నాకొద్దు. నాకు అర్థమైంది ఏమిటంటే, మార్చలేని రిజిస్టర్ అంటే ఇంజనీర్‌కు ముద్దు, 27 సెంట్లు పోయినవాడికి భయం.

2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు బీహార్ రిజిస్ట్రేషన్ నిబంధనల మీద తీర్పు ఇస్తూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయ్యేది దస్తావేజే కానీ యాజమాన్యం కాదని గుర్తుచేసింది. బ్లాక్‌చెయిన్ వాడకాన్ని పరిశీలించమని లా కమిషన్‌కు చెప్పింది. అంటే ఈ నియమాలు ఇంకా రాయాల్సే ఉంది. రాసేటప్పుడు పక్కన కోడ్ తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా కూర్చోవాలని నా కోరిక.

నా ప్రాజెక్టులో ఇప్పుడు ప్రతి సవరణకూ ఒక కాలమ్ పెట్టాను: ఎవరి ఉత్తర్వు, ఏ తేదీ, దాని మీద అప్పీలు ఉందా. అది నింపకుండా బ్లాకు కలవదు. కోర్టు స్టే ఉంటే ఆ సర్వే నంబరు మీద బదిలీ ఆగిపోతుంది. దీనికి మార్కులు ఎన్ని వేస్తారో తెలీదు.

వచ్చే సోమవారం నేను కుప్పం వెళ్తున్నాను. తాత మూడోసారి అర్జీ పెడుతున్నాడు, రాసిపెట్టే పని నాది. తెలుగులో.