రెండు త్రికోణాలు కలిస్తే ఒక చదరం

అమెరికన్ క్విల్టుల్లో మామూలు చదరం తర్వాత పదే పదే కనిపించే ముక్క ఒకటుంది. ఒకే కొలత గల రెండు లంబకోణ త్రికోణాలు, ఒకటి ముదురు రంగుది, ఇంకొకటి లేత రంగుది, ఐమూలగా అతుక్కుని ఒక చదరమవుతాయి. దీన్నే క్విల్టర్లు హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్ అంటారు. నాలుగింటిని ఒక తీరుగా తిప్పి పేరిస్తే గాలిమర డిజైన్ పిన్‌వీల్ వస్తుంది. వాటినే ఇంకోలా తిప్పితే బ్రోకెన్ డిషెస్. ఎలుగుబంటి పంజాలా ఉండే బేర్స్ పా డిజైన్‌లోని గోళ్లూ ఇవే, చర్న్ డాష్ నాలుగు మూలల్లో ఉండేవీ ఇవే.

ఇందులో లెక్క సులువు. ఇబ్బంది పెట్టేది బట్ట. పడుగు వెంట గానీ పేక వెంట గానీ లాగితే నేత బట్ట పెద్దగా కదలదు. ఐమూలగా లాగితే మాత్రం సాగుతుంది. జాకెట్ మెడకు పైపింగ్ వేసేటప్పుడు టైలర్లు క్రాస్ పీస్ తీసేది ఈ సాగుడు కోసమే. అక్కడ సాయపడే గుణమే ఇక్కడ పని చెడగొడుతుంది. త్రికోణంగా కత్తిరించిన ముక్కకు పొడవైన అంచు మొత్తం క్రాసే. దాన్ని మిషన్ కింద పెడితే పళ్లు లాగినకొద్దీ సాగి, విప్పి చూస్తే చదరం వంకరపోతుంది. మన బొంతలో ఒక ముక్క కాస్త వంకరైనా పక్క ముక్క సర్దుకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పది ముక్కల వరుసలో ఒక్కోటి అంగుళంలో పదహారో వంతు తప్పినా చివరికి 5/8 అంగుళం తేడా వస్తుంది.

అందుకే ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ముందు కుట్టాలి, తర్వాతే కొయ్యాలి. పాతకాలంలో అట్టముక్కను అచ్చుగా పెట్టుకుని త్రికోణాలను కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, చేత్తో కుట్టేవారు. చేతికుట్టులో బట్టను వేళ్లు అదుపు చేస్తాయి కాబట్టి ఆ పద్ధతి పనిచేసేది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం క్విల్టులను గోడకు వేలాడదీసి చిత్రకళలా ప్రదర్శించింది. ఆ దశాబ్దంలోనే అక్కడ ఈ పనిపై మళ్లీ ఆసక్తి పెరిగింది. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా గుండ్రటి బ్లేడు తిరిగే రోటరీ కట్టర్ తెచ్చింది. దాంతో నాలుగు పొరల బట్టను స్కేలు పక్కన ఒక్క వేటుకు నిటారుగా కొయ్యడం ఇంట్లోనే వీలైంది.

ఉదాహరణకు పసిబిడ్డకు 40×48 అంగుళాల పిన్‌వీల్ క్విల్టు తీసుకుందాం. 8 అంగుళాల బ్లాకులు, అంటే ఒక్కో గాలిమర చదరాలు, 30 కావాలి. బ్లాకుకు నాలుగు చొప్పున 120 జంట త్రికోణాలు. 44 అంగుళాల పన్నా నూలుబట్ట ముదురుది 1¼ మీటరు, లేతది 1¼ మీటరు చాలు. పెడన కలంకారీ ముద్రల బట్టకు తోడుగా తెల్లటి కాటన్ ఈ డిజైన్‌కు ఎంతో అందంగా ఉంటుంది. అయితే కలంకారీ బట్టను విడిగా ఉతికి, రంగు దిగడం ఆగాకే బల్ల మీదికి తేవాలి. తెల్ల బట్ట మీద ఒక్కసారి ఎర్ర మరక పడిందంటే ఇక వదలదు. జారిపోయే సిల్కు, పల్చటి వాయిల్ ఈ పనికి వద్దు.

ఉతికాక గంజి పెట్టండి. అన్నం వార్చిన గంజిని పల్చగా చేసి, వడగట్టి, బట్టను ముంచి ఆరేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేస్తే బట్ట కాగితంలా నిలబడుతుంది. క్రాస్ అంచు సాగకుండా ఇంతగా ఆపేది ఇంకేదీ లేదని నా నమ్మకం. క్విల్టు పూర్తయ్యాక ఉతికి గంజి వదిలించాలి, లేకపోతే బీరువాలో పురుగు పడుతుంది.

మిషన్‌కు పావు అంగుళం ఫుట్ దొరికితే మంచిది. దొరక్కపోతే సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేటు మీద టేపు అతికించుకోండి. మన ఇళ్లలో మామూలుగా ఉండే 16 నంబరు సూది తీసి 11 లేదా 12 పెట్టి, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గించండి. అసలు పనికి ముందు ఒక పరీక్ష తప్పనిసరి. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా 1 అంగుళం రావాలి. తక్కువొస్తే మీ కుట్టు లావుగా పడుతోందని అర్థం. మడతలో బట్ట మందం కూడా కొంత మింగుతుంది కాబట్టి పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువగా కుట్టడమే సరైనది.

ఇక లెక్క. పూర్తయ్యాక 4 అంగుళాలు కావాలంటే చదరం 4-7/8 కొయ్యాలని పుస్తకాలు చెబుతాయి. చుట్టూ వచ్చే కుట్లకు అర అంగుళం, మధ్యలోని ఐమూల కుట్టు తినేది దాదాపు 3/8. కలిపితే 7/8. నేను మాత్రం నిండు అంగుళం కలిపి 5 అంగుళాలకే కోస్తాను. ఆ కాస్త అదనం చివర్లో నాలుగు వైపులా చెక్కుకోవడానికి అవకాశమిస్తుంది. కొత్తవాళ్లకు ఇదే చెబుతాను.

రెండేసి చొప్పున చేసే పద్ధతి ఇది. ముదురు చదరం, లేత చదరం ముఖాలు లోపలికి పెట్టి, లేతదాని వెనక ఒక మూల నుంచి ఎదురు మూలకు పెన్సిల్ గీత గీయండి. ఆ గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టండి. గీత మీద కొయ్యండి. రెండు ముక్కలొస్తాయి. కొయ్యకముందే క్రాస్ అంచును రెండు కుట్లు పట్టేశాయి, కనుక సాగే అవకాశం లేదు. బయటి నాలుగు అంచులూ పడుగు పేకల వెంటే ఉంటాయి. వేడికి చెరిగే పెన్నులు వాడకండి. వాటి గీతలు గడ్డకట్టే చలిలో మళ్లీ తేలతాయి, క్విల్టు షికాగోలోని మనవరాలికి వెళ్లేదైతే ఇది గుర్తుంచుకోవాలి. పెన్సిల్ గీత ఎలాగూ కుట్టు లోపలే దాగిపోతుంది. జతలను ఒకదాని వెనక ఒకటి, మధ్యలో దారం తెంచకుండా మిషన్‌లోకి పంపిస్తూ పోతే సగం సమయం మిగులుతుంది.

120 ముక్కలూ ఒకే రెండు బట్టలతో చేస్తుంటే ఎనిమిదేసి చొప్పున చేయడం నయం. 10 అంగుళాల చదరాలు రెండు తీసుకుని, రెండు ఐమూల గీతలూ గీసి, ప్రతి గీతకూ రెండు పక్కలా కుట్టి, నిలువుగా సగానికి, అడ్డంగా సగానికి, తర్వాత రెండు గీతల మీదా కొయ్యాలి. 15 జతలతో పని అయిపోతుంది. నాలుగు కోతలూ అయ్యేదాకా బట్ట అంగుళమైనా కదలకూడదు, కాబట్టి మీరే బల్ల చుట్టూ తిరగండి. అంచులు ఇక్కడా నిటారు పోగు మీదే పడతాయి.

చదరం చుట్టూ నాలుగు వైపులా కుట్టి, రెండు ఐమూలల మీద కోసి నాలుగు ముక్కలు తీసే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి చాలా తేలిక, గీత గీసే పని కూడా లేదు. కానీ అందులో బయటి అంచులన్నీ క్రాస్‌లో పడతాయి. ఒక్కో ముక్క బాగానే కనిపించినా, పది కలిపేసరికి అలలు తేలతాయి. నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయను. తప్పదనుకుంటే గంజి బాగా దట్టించి చేయండి.

అంగుళం అంత చిన్న ముక్కలకైతే గళ్లు అచ్చువేసిన కాగితమే శరణ్యం. కాగితం మీదే చుక్కల వెంట 1.5 మిల్లీమీటర్ల కుట్టుతో కుట్టి, కోసి, కాగితం చింపేస్తారు.

ఇప్పుడు ఇస్త్రీ. ముక్క విప్పకుండానే కుట్టు మీద ఒకసారి పెట్టె ఆనించండి. తర్వాత విప్పి, కుట్టు అంచును ముదురు బట్ట వైపు పడుకోబెట్టండి. పెట్టెను రుద్దకూడదు, ఎత్తి పెట్టాలి. రుద్దితే ఇప్పటిదాకా కాపాడుకున్న ఐమూల ఇక్కడ సాగుతుంది.

చెక్కడం విసుగు పని అనిపిస్తుంది గానీ క్విల్టు నిలబడేది దీని మీదే. 45 డిగ్రీల గీత ఉన్న 6½ అంగుళాల చదరపు స్కేలు చాలు. ఆ గీతను సరిగ్గా కుట్టు మీద పెట్టి, నాలుగు వైపులా కొంచెం బట్ట మిగిలేలా చూసుకుని, కుడి అంచు, పై అంచు కొయ్యండి. ముక్కను సగం తిప్పి, కోసిన అంచులను 4½ గీతలకు సరిచేసి మిగతా రెండూ కొయ్యండి. అడుగున గాడి ఉన్న ప్రత్యేకమైన స్కేళ్లు కూడా ఉన్నాయి, కుట్టు మందం ఆ గాడిలో కూర్చుంటుంది కనుక స్కేలు జారదు. వందల ముక్కలు చేసేవారికి అవి విలువైనవే. ప్రతి కోత తర్వాతా కట్టర్ బ్లేడు మూయండి. కట్టర్ కింద పరిచే మ్యాట్ మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి, మ్యాట్ వంగిపోతుంది.

నాలుగు ముక్కలు గాలిమరలా పేర్చి, రెండేసి కలిపి, రెండు వరుసల కుట్టు అంచులు ఎదురెదురు దిక్కులకు పడుకునేలా చూసి మధ్య కుట్టు వేయండి. అప్పుడవి ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చుంటాయి. మధ్యలో అన్ని మడతలూ ఒకచోట చేరి బొడిపె వస్తుంది. వెనక్కి తిప్పి, అంచు లోపల ఉన్న రెండు మూడు కుట్లు విప్పితే అంచులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, బొడిపె చదునవుతుంది. బ్లాకు 8½ అంగుళాలు ఉందో లేదో కొలవండి. 30 బ్లాకులూ నేల మీద పరిచి ఫోన్లో ఫొటో తీయండి. తప్పు దిక్కుకు తిరిగిన గాలిమర కంటికి అందకపోయినా ఫొటోలో వెంటనే దొరుకుతుంది. దాన్ని విప్పి సరిచేశాకే వరుసలు కలపడం మొదలుపెట్టండి.