ఇచ్చిన కన్ను, లేచు శరీరము

పాఠ్యభాగములు: గలతీ 4:13–15, 1 కొరింథీ 15:35–44

ప్రియులారా, గత మాసమున నేను హైదర్‌గూడలో మా అక్కగారి యింట నాలుగు దినములుంటిని. ఆ పేట సంఘ యౌవనులు ఒక సాయంకాలము గుడి ఆవరణలో అవయవదానమునుగూర్చి బుర్రకథ చెప్పిరి. రోడ్డు ప్రమాదములో పోయిన కుమారుని గుండెను, మూత్రపిండములను ఇచ్చుటకు తల్లి సమ్మతించుట కథ. హాస్యగాడు డాక్టరును అనుకరించినప్పుడు అందరు నవ్విరి. తల్లి సమ్మతి చెప్పు ఘట్టమున గుమ్మెటలు ఆగెను. వెనుక ఎవరో ఏడ్చుట వినబడెను.

కథ ముగిసిన పిమ్మట చప్పట్లకంటె ప్రశ్నలే ఎక్కువాయెను. ఒక వృద్ధురాలు లేచి, "అయ్యగారూ, కండ్లిచ్చేస్తే ఆ దినం ప్రభువును దేంతోని చూడాలె?" అని నన్ను అడిగెను. పిల్లలు నవ్విరి. నేను నవ్వలేదు. మూడేండ్ల క్రిందట నా తండ్రి చనిపోయినప్పుడు, ఆయన కన్నులను ఇత్తురా అని ఒకరు అడుగగా, ఈ భయముచేతనే నేను వద్దంటిని. కాపరినైయుండియు!

పౌలు చెప్పునది విత్తనపు మాట. జొన్న విత్తిన రైతు ఆ గింజనే తిరిగి కోయడు. సముద్రములో మునిగిన నావికులను, మృగములపాలైన హతసాక్షులను లేపగల దేవునికి ఒక కంటిపొర లోటగునా? సమాధిలో కన్నులు ఎన్ని దినములు నిలుచునో గోతులు త్రవ్వు మనకు తెలియును. గలతీయులు, సాధ్యమైనయెడల, తమ కన్నులనే పౌలునకు ఇచ్చియుందురట. ఆనాడు అది ప్రేమను తెలుపు మాట మాత్రమే. నేడది సాధ్యమైనది.

"పేదోని కిడ్నీ పైసలున్నోనికి అమ్ముతరు" అని యొక యువకుడనెను. ఈ అనుమానము గాలిలో పుట్టినది కాదు. అందుకే అట్టి అమ్మకమును నేరముగా ఎంచు చట్టము 1994లో వచ్చెను. ఆ యేడే ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో, రాజమహేంద్రవరమున పుట్టిన డాక్టరు పి. వేణుగోపాల్‌గారు మన దేశములో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతముగా చేసిరి. మన ప్రాంతమున 2013లో జీవన్‌దాన్ పథకము ఆరంభమాయెను.

గుండె మొదలగునవి ఊపిరి యంత్రముమీద మెదడు చనిపోయినవారినుండియే తీయుదురు. అదియు నలుగురు డాక్టర్లు, కనీసము ఆరు గంటల యెడముతో, రెండుసార్లు పరీక్షించి నిశ్చయించిన మీదటనే. ఇంట చనిపోయినవారు ఇయ్యగలిగినవి కన్నులు. ఆరు గంటలలోగా నేత్రనిధివారు వచ్చి తీసికొందురు. అంతవరకు రెప్పలు మూసి తడి దూది ఉంచి, తల క్రింద దిండు పెట్టి, ఫ్యాను ఆపవలెను. ముఖము వికారమగదు. అద్దములు పెట్టుకొన్నవారును, శుక్లముల ఆపరేషను అయినవారును ఇయ్యవచ్చును.

ఆ వృద్ధురాలు చాలసేపు ఊరకుండి, "అట్లయితే మా పెద్దోనికి మీరే చెప్పుండ్రి. నేను పోయినంక సంతకం పెట్టేది వాడే గదా" అనెను. ఆ రాత్రియే వారి యింటికి వెళ్లితిని. కుమారుడు టీ యిచ్చి, అంతయు విని, ఆలోచించి చెప్పెదననెను. ఇంకను చెప్పలేదు.