అమ్మమ్మ చదవగలిగే కార్డు

పిల్లలూ, పోయిన పాఠంలో వత్తులు కాగితం మీద రాశాం కదా. ఇవాళ వాటిని కంప్యూటర్‌లో బొమ్మ మీద రాద్దాం.

మా అమ్మాయి ఒకసారి వాళ్ళ అమ్మమ్మకి పుట్టినరోజు కార్డు చేసింది. గులాబీల ఫోటో, దాని మీద ఎర్ర అక్షరాలతో శుభాకాంక్షలు, కింద తను సొంతంగా రాసిన చిన్న కథ. రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. "పూలు బాగున్నాయి తల్లీ. కింద ఏదో రాశావు, కళ్ళజోడు పెట్టుకున్నా తెలియలేదు." పాపం, రెండు గంటలు కూర్చుని చేసింది!

ఇద్దరం ఆ కార్డుని పెద్దది చేసి చూశాం. అక్షరాల అంచులు మసకగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఫోటో అంటే చిన్న చిన్న చదరాలు. వాటినే పిక్సెల్స్ అంటారు. తను 400 పిక్సెల్స్ వెడల్పులో రాసి, తర్వాత సాగదీసింది. సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుంది కానీ అందులో లేని వివరం కొత్తగా రాదు. ఫోన్‌లో చూసే కార్డుకి మొదటే 1080 పిక్సెల్స్ తీసుకోండి. ప్రింట్ చేయాలంటే అంగుళానికి 300 లెక్కన, 5 అంగుళాల కార్డుకి 1500 కావాలి.

అసలు చిక్కు మన అక్షరాల్లోనే ఉంది. 'కథ' అనే మాట చూడండి. 'థ' కడుపులో ఒక చుక్క ఉంటుంది. అక్షరం చుట్టూ లావుగా అవుట్‌లైన్ గీస్తే ఆ చుక్క పూడిపోయి 'ధ' అయిపోతుంది! అందుకని ఒకే మాటని రెండు లేయర్లుగా పెట్టండి. కింది దానికి లావు తెల్ల అవుట్‌లైన్ ఇవ్వండి, పైది మామూలుగా వదిలేయండి. అప్పుడు పూల మీద కూడా అక్షరం తేటగా కనిపిస్తుంది.

వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం ఉంచితే 'అమ్మమ్మ'లోని వత్తులు కింది వరుసలో ఉన్న గుడులకి తగులుతాయి. ఒకవేళ 'అమ్‌మమ్‌మ' అని విడిపోయి కనిపిస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలు కలపడం రాదని అర్థం. ఎంత అలంకరించినా లాభం లేదు, వేరేది వాడండి.

ఫాంట్ల విషయానికొస్తే, పెద్ద శీర్షికకి 'రామభద్ర', చిన్న అక్షరాలకి 'మండలి' నాకు నచ్చుతాయి. రెండూ ఉచితమే. 'గిడుగు' అని ఇంకో ఫాంటు ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు అది.

చివరగా, పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్ అయితే అక్షరాల చుట్టూ మురికి చుక్కలు చేరతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

రెండో కార్డు వెళ్ళింది. అమ్మమ్మ కథంతా ఫోన్‌లో పైకి చదివింది. చదివి, "అంతా బాగుంది గానీ, పుట్టినరోజులో 'రో'కి దీర్ఘం ఏదమ్మా?" అంది.

మీ పని: 'అమ్మమ్మ', 'కథ', 'పుట్టినరోజు' మాటలతో ఒక కార్డు చేయండి. దాన్ని సగం సైజుకి తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించండి. వాళ్ళు ఏ అక్షరం దగ్గర ఆగారో రాసుకోండి.