పక్షులను చూద్దాం, రండి

పక్షులను చూడాలంటే సముద్రతీరానికే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్ తీరంలోని పులికాట్ సరస్సుకు చలికాలంలో ఫ్లెమింగో పక్షులు వేలకొద్దీ వస్తాయి. వాటి పేరుతో 2001లో సూళ్లూరుపేటలో ఒక పండుగ కూడా మొదలయింది.

పావగడ తాలూకాకు సముద్రం లేదు. వానలూ తక్కువే. అయినా ఇక్కడ చెరువులు, చింతచెట్లు, వేరుశనగ చేలు ఉన్నాయి. చూసేవారికి పక్షుల కొదవ లేదు.

తుమకూరు జిల్లాలోనే, శిరా తాలూకాలో కగ్గలడు అనే ఊరుంది. అక్కడి చింతచెట్లపై ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. వాటి ముక్కు పొడవుగా, పసుపుపచ్చగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో చిలమత్తూరు మండలం వీరాపురానికీ ఈ కొంగలే వస్తాయి. కొందరు వీటిని సైబీరియా కొంగలంటారు. అది పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే. నీరు, చేపలు ఉన్న చోటును వెదుక్కుంటూ తిరుగుతాయి.

గూళ్లున్న చెట్టు కింద రెట్టలు పడతాయి. కాయలు రాల్చబోతే గూళ్లు చెదురుతాయి. అయినా వీరాపురం ప్రజలు ఆ చెట్లను కొట్టరు. కొంగలు వస్తే వానలు కురుస్తాయని వారి నమ్మకం.

చెరువు ఎండితే కొంగలు రావు. చెట్టు పోతే గూడు ఉండదు. ఏ ఏడు ఎన్ని వచ్చాయో రాసిపెట్టకపోతే, అవి తగ్గిపోయిన సంగతి కూడా తెలియదు. అందుకే పక్షులను చూసేవారు సంఘాలుగా ఏర్పడ్డారు. 1980లో హైదరాబాదులో ఏర్పడిన అలాంటి సంఘం నేడు డెక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తున్నది. ఏటా జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షులను లెక్కిస్తారు. ఫిబ్రవరిలో ప్రపంచమంతటా నాలుగు రోజులు పక్షుల లెక్క జరుగుతుంది. అందులో ఎవరైనా చేరవచ్చు. పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు.

దీనికి వయస్సుతో పని లేదు. సలీం అలీ (1896-1987) చిన్నతనంలో ఒక పిచ్చుకను తుపాకీతో కొట్టాడు. దాని గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. అదేమి పక్షి అని అడగడానికి బొంబాయి సహజ చరిత్ర సంఘానికి వెళ్లాడు. ఆ ప్రశ్నే ఆయనను గొప్ప పక్షి శాస్త్రజ్ఞునిగా చేసింది.

అవ్వకు పక్షుల పేర్లు తెలుసు. మనుమరాలికి చూపు చురుకు. గొర్రెల కాపరికి గూళ్ల జాడ తెలుసు. ముగ్గురూ కలిస్తే లెక్క సరిగా వస్తుంది. బైనాక్యులర్ లేకపోయినా ఫరవాలేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. తెల్లవారుజామున చెరువుగట్టుకు వెళ్లాలి. మెల్లగా మాట్లాడాలి. గూటి దగ్గరకు పోరాదు. గుడ్లను తాకరాదు. తేదీ, చోటు, పక్షుల సంఖ్య రాసుకోవాలి.

పిల్లలూ, మీ ఊరిలోనూ ఇటువంటి సంఘం ఏర్పరచండి. పెద్దలను వెంట పిలవండి.

కొత్త పదాలు
కొదవ = తక్కువ
జాడ = ఆనవాలు, గుర్తు

ప్రశ్నలు
1. ఎర్రకాళ్ల కొంగలను సైబీరియా కొంగలనడం ఎందుకు పొరపాటు?
2. పక్షుల లెక్క రాసిపెట్టడం వల్ల ప్రయోజనమేమి?
3. మీ అవ్వనో తాతనో అడిగి ఐదు పక్షుల పేర్లు రాయండి. వాటిలో నేడు కనిపించనివి ఏవో తెలుసుకోండి.