కృష్ణ యావలి యొడ్డు

కనిగిరి.

మనుమనికి తాతయ్య వ్రాయునది.

ఒక దేశమున అంతఃకలహము సాయుధసంఘర్షణముగా పరిణమించినప్పుడు అన్యదేశసైన్యము అందు ప్రవేశించుట చట్టసమ్మతమగునా యను విషయముపై వ్యాసము వ్రాయబూని, ఉదాహరణములకై సిరియాను, యెమెనును పరిశీలించుచున్నానని తెలిపితివి. అంతదూరము పోనేల? మన మార్కాపురము దాటి నల్లమలగుండ ఉత్తరముగా పోయినచో కృష్ణానది యెదురగును. 1948 సెప్టెంబరు వఱకు ఆవలి యొడ్డు నిజాము ఏలిన హైదరాబాదు రాజ్యము.

అచ్చట ఒకవంక దొరల పెత్తనముపై రైతులు ఆయుధములు పట్టియుండిరి, మఱొకవంక నిజాము పక్షపు సాయుధదళమైన రజాకారులు గ్రామములను దోచుచుండిరి. 1947 నవంబరు 29న నిజాము భారతప్రభుత్వముతో చేసికొనిన యథాతథ ఒప్పందమును నీవు మొట్టమొదట చదువవలెను. ఆంతరంగిక శాంతిరక్షణమునకై సేనను పంపు బాధ్యతగాని హక్కుగాని భారతదేశమునకు ఆ పత్రమువలన సంక్రమింపదని అందు స్పష్టముగా నున్నది. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించుటచే తెలంగాణము విముక్తమైనదని సంతోషించువారిలో నేనును ఒకడనే. అయినను ఆ సంతోషము ఈ నిబంధనకు సమాధానము కానేరదు.

హైదరాబాదు సర్వస్వతంత్రరాజ్యము కాదనియు, కావున తన సైన్యప్రవేశము పరదేశాక్రమణమే కాదనియు భారతదేశము వాదించెను. బ్రిటిషువారి సార్వభౌమాధికారము 1947 నాటి చట్టముతో అంతరించినందున తాను స్వతంత్రుడనని నిజాము వాదించెను. బ్రిటిషువారి ఆధిపత్యమున స్వంత విదేశాంగమెఱుగని సంస్థానము ఆ ఒక్క చట్టముతో అంతర్జాతీయరాజ్యము కాజాలదని నా తలంపు. పైగా పాకిస్తానునకు ఇరువదికోట్ల ఋణమిచ్చి, భారతనాణెమును నిషేధించి, ఆ ఒప్పందమును నిజామే ముందుగా భంగపఱచెనని భారతదేశము చూపిన ఆరోపణములు బలహీనములు కావు. కాని తీర్పు వెలువడనేలేదు: సెప్టెంబరు 13న సైన్యము కదలెను, 16న పారిసులో భద్రతాసమితి నిజాము ఫిర్యాదును చర్చకు స్వీకరించెను, మఱునాడే ఆయన యుద్ధము విరమించి, కొలదిదినములకు ఫిర్యాదును ఉపసంహరించుకొనెను.

దీని ప్రక్కన సింహళమును ఉంచి చూడుము. 1987 జులై 29న అధ్యక్షుడు జయవర్ధనే మనతో ఒడంబడికపై సంతకము చేసినందున మన శాంతిసేన అచ్చటి ప్రభుత్వము పిలువగా పోయినది. 1989లో తరువాతి అధ్యక్షుడు ప్రేమదాస వెడలిపొమ్మని కోరగా, 1990 మార్చినాటికి మఱలివచ్చినది. సమ్మతి ఇచ్చిన ప్రభుత్వమే దానిని మఱల తీసికొనగలదను సూత్రము ఇంతకంటె విశదముగా నీకెక్కడ లభించును?

మఱొకమాట. ప్రవేశము సక్రమమని నీవు నిరూపించినను, పిమ్మట జరిగిన హింసను అది మాపదు. హైదరాబాదులో సైనికచర్య సమయమునను తరువాతను ఇరువదియేడువేలకు తక్కువకాని జనము హతులైరని భారతప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము తన నివేదికలో అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజల కంటబడలేదు. దానిని అనుబంధముగాగాక వ్యాసమధ్యముననే యుంచి, చిత్తుప్రతిని దసరాకు ముందు నాకు పంపుము.