ఒకే హెచ్చరిక ఐదుసార్లు వస్తే?

శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ వేట మీద బతికే ఒక ఇంట్లో మీరు ఉన్నారనుకోండి. సాయంత్రం రేడియోలో తుఫాను హెచ్చరిక విన్నారు. కాసేపటికి అదే కబురు ఫోనుకు వచ్చింది. మేనమామ పంపాడు, పడవల వాళ్ళ బృందంలో ఒకరు పంపారు, బడి స్నేహితుల బృందంలో మరొకరు పంపారు. ఇవి ఐదు హెచ్చరికలా, ఒకటేనా?

"ఐదుగురు చెప్పారు కాబట్టి నిజమే" అనిపిస్తుంది. కాని నోళ్ళు ఐదైనా మూలం ఒకటే. పైగా వాటిలో ఒకటి నిన్నటిదైతే?

2018 అక్టోబరులో బంగాళాఖాతంలో తిత్లీ, అరేబియా సముద్రంలో లుబాన్ అని రెండు తుఫానులు ఒకేసారి ఉన్నాయి. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. మన వైపు సముద్రాల్లో తుఫానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఏ కబురు ఏ తుఫానుదో తెలియడానికే ఆ పేర్లు.

అయితే పేరొక్కటే చాలదు. తీరానికి దగ్గరపడిన తుఫాను గురించి వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి ప్రకటన ఇస్తుంది. పేరు అదే, విషయం మారుతుంది. అందుకే 'కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్' అనే పద్ధతి వచ్చింది. ఇందులో ప్రతి హెచ్చరికకూ పంపినవారి గుర్తు, ఒక ప్రత్యేక సంఖ్య, పంపిన సమయం ఉంటాయి. సవరించిన హెచ్చరికలో పాతదాని సంఖ్య కూడా ఉంటుంది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది.

ఇక ఫోను తెర మీద ఎలా చూపాలి? సంఖ్య ఒకటే అయిన నకళ్ళన్నిటినీ ఒకే శీర్షిక కింద మడిచి పెట్టవచ్చు. ఎవరెవరి ద్వారా వచ్చిందో చిన్న అక్షరాలలో ఉంచాలి. పడవల బృందంలో ఎవరైనా "మా పేటలో పడవలు మెరకకు లాగేశాం" అని చేర్చి ఉంటే అది నకలు కాదు, కొత్త విషయం. దానిని మడతలో పోనివ్వకూడదు. సవరణ వస్తే పైన అది, కింద "ఇది పాతది" అన్న గుర్తుతో మొదటిది.

మాటల పోలికను బట్టి మాత్రం కలపకూడదు. "వేటకు వెళ్ళవచ్చు", "వేటకు వెళ్ళరాదు" అన్న వాక్యాలు చూడండి. తేడా రెండు మూడు అక్షరాలే! రేవుల సంగతీ అంతే. ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. తుఫాను ఒకటే అయినా కళింగపట్నంలో ఒక నంబరు, దక్షిణాన భీమునిపట్నంలో మరో నంబరు ఎగరవేయవచ్చు.

చిక్కంతా చేత్తో తిరగరాసి పంపేవాటితోనే. సంఖ్య పోతుంది, సమయం పోతుంది. అటువంటివాటిని విడిగానే ఉంచడం మేలని నా అభిప్రాయం. నాలుగు వరుసలు ఎక్కువైతే విసుగు, అంతే. అసలు హెచ్చరిక మడతలో దాగిపోతే పడవ సముద్రంలో ఉంటుంది.

ఈసారి తుఫాను కబుర్లు వచ్చినప్పుడు వాటిని సమయంతో సహా నోటుపుస్తకంలో రాయండి. నకళ్ళెన్నో, సవరణలెన్నో లెక్క తేల్చండి.